పెద్దప్రేగు కాన్సర్ ముందస్తు పరీక్షలపై ప్రచార సందేశాలు

పెద్దప్రేగు కాన్సర్ ముందస్తు పరీక్షలపై ప్రచార సందేశాలు అనగా, ఎటువంటి వ్యాధి లక్షణాలూ లేనివారిని పెద్దప్రేగు, పురీషనాళ కాన్సర్ కోసం పరీక్ష చేయించుకోమని ప్రోత్సహించే రాతలు, చిత్రాలు, వీడియోలు, ఫోను సందేశాలు. ఇటువంటి పరీక్షలను వైద్య పరిభాషలో స్క్రీనింగ్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా మొదలైన దేశాలలో ఒక వయసు దాటినవారికి ఈ పరీక్షలు చేయడం ప్రజారోగ్య విధానంలో భాగం. ఒకప్పుడు కరపత్రాలు, ఉత్తరాలు, టీవీ కార్యక్రమాల ద్వారా సాగిన ఈ ప్రచారం 2000 తరువాత క్రమంగా అంతర్జాలానికి విస్తరించింది.

వ్యాధి ఉన్నవాడికి మందు వాడమని చెప్పడం వేరు, ఆరోగ్యంగా తిరుగుతున్నవాడిని పరీక్షకు రమ్మనడం వేరు. పైగా ఇది మలానికి, మలద్వారానికి సంబంధించిన పరీక్ష కావడంతో సిగ్గు, రోత అడ్డు వస్తాయి. అందుచేత మనుషులను ఒప్పించే పద్ధతులపై ఈ రంగంలో విస్తృతంగా పరిశోధన జరిగింది. ఒప్పించడం ఎంతవరకు సమంజసం, పూర్తి వివరాలు తెలియజెప్పడం ఎక్కడ మొదలవ్వాలి అన్న చర్చ కూడా ఈ పరిశోధనల నుండే పుట్టింది.

పరీక్షల నేపథ్యం

పెద్దప్రేగు కాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలతో ఆరంభమౌతుంది. ప్రేగు లోపలి గోడపై ఏర్పడే ఈ పాలిప్‌లలో అధికభాగం ఎన్నటికీ కాన్సర్‌గా మారవు. మారేవాటికి సాధారణంగా పది సంవత్సరాలో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఈ సుదీర్ఘమైన వ్యవధి వల్లనే ముందస్తు పరీక్షకు అవకాశం కలుగుతున్నది. పాలిప్ దశలోనే దానిని కత్తిరించి తీసివేస్తే కాన్సర్ రాకుండానే ఆపవచ్చు. రొమ్ము కాన్సర్ కోసం తీసే మామోగ్రాం ఉన్న వ్యాధిని తొందరగా పట్టుకుంటుంది. కొలనోస్కోపీ వ్యాధిని తొందరగా పట్టుకోవడమే గాక కొంతవరకు నివారిస్తుంది కూడా. ఈ తేడా చాలామంది పాఠకులకు తెలియదు.

పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, కంటికి కనిపించని రక్తం కోసం మలాన్ని పరీక్షించడం. దీనిని ఇంటివద్దనే చేసుకోవచ్చు. కొద్దిపాటి నమూనాను ఒక చిన్న గొట్టంలో ఉంచి ప్రయోగశాలకు పంపితే చాలు. ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్న దీని రూపాన్ని 'ఫిట్' అంటారు. దీనిని ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి తిరిగి చేయాలి. రక్తం కనబడినంత మాత్రాన కాన్సర్ ఉన్నట్లు కాదు, కొలనోస్కోపీ చేసి చూడవలసిన అవసరం ఉన్నట్లు మాత్రమే. రెండవది కొలనోస్కోపీ. కెమెరా అమర్చిన సన్నని, వంగే గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దప్రేగు మొత్తాన్ని పరిశీలిస్తారు. ఏమీ కనబడకపోతే సాధారణంగా పది సంవత్సరాల వరకు మళ్ళీ అవసరముండదు. కానీ ముందురోజు విరేచనాల మందు త్రాగి ప్రేగులను పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. పరీక్ష కంటే ఈ తయారీయే కష్టమని చేయించుకున్నవారు తరచుగా చెబుతుంటారు.

మలపరీక్ష ప్రాణాలు కాపాడుతుందనడానికి తొలి బలమైన ఆధారం 1993లో ప్రచురితమైన మిన్నెసోటా అధ్యయనం. 50 నుండి 80 ఏళ్ళ వయసు గల 46,551 మందిపై ఇది జరిగింది. 13 సంవత్సరాలలో ఈ కాన్సర్ వల్ల మరణించినవారు, ఏటా పరీక్ష జరిగిన వర్గంలో వెయ్యికి 5.88 మంది, పరీక్ష లేని వర్గంలో వెయ్యికి 8.83 మంది. అనగా మరణాలు 33 శాతం తగ్గాయి. ఈ ఒక్క ఫలితాన్నే "మూడవ వంతు తగ్గింది" అనీ చెప్పవచ్చు, "వెయ్యిమందిలో ముగ్గురు బ్రతికారు" అనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. వినేవారికి మాత్రం ఒకేలా వినిపించవు.

ఆరోగ్య విశ్వాస నమూనా

పరీక్ష ఉచితంగా ఇంటిముందుకు వచ్చినా జనం ఎందుకు రారన్న ప్రశ్న కొత్తది కాదు. 1950 దశకంలో అమెరికాలో క్షయవ్యాధి కోసం ఛాతీ ఎక్స్‌రే వాహనాలను వీధులకు పంపినా చాలామంది ముందుకు రాలేదు. దీనికి కారణాలు వెదికిన అమెరికా ప్రజారోగ్య శాఖ మనస్తత్వవేత్తలు గాడ్‌ఫ్రే హాక్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్ మొదలైనవారు 'ఆరోగ్య విశ్వాస నమూనా'ను రూపొందించారు. దీని ప్రకారం మనిషి కదలాలంటే ఆ జబ్బు తనకు రావచ్చని నమ్మాలి, వస్తే ప్రమాదమని నమ్మాలి, పరీక్ష వల్ల మేలుందని నమ్మాలి, ఆ మేలు దానిలోని ఇబ్బందులను మించినదని తోచాలి. వీటికి తోడు ఏదో ఒక ప్రేరణ, అంటే ఒక ఉత్తరమో, డాక్టరు మాటో, తెలిసినవారి మరణమో, సమయానికి తగలాలి.

పెద్దప్రేగు కాన్సర్ విషయంలో రెండవ నమ్మకానికి కొరత లేదు. కాన్సర్ ప్రమాదకరమని ఎవరికీ చెప్పనవసరంలేదు. లోపించేది మొదటిది. "నాకు ఏ బాధా లేదు, మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెందుకు?" అన్నదే పరీక్ష మానుకున్నవారి సాధారణమైన సమాధానం. అయితే ఈ కాన్సర్ వచ్చినవారిలో అధికసంఖ్యాకులకు కుటుంబ చరిత్ర ఉండదు, తొలిదశలో బాధ కూడా ఉండదు. కాబట్టి ఈ రెండు సంగతులను సూటిగా చెప్పే సందేశం, కాన్సర్ ఎంత భయంకరమో వర్ణించే సందేశం కంటే పనికివస్తుందని భావించవచ్చు.

భయపెట్టడం, లాభనష్టాలు చెప్పడం

భయం మనిషిని కదిలిస్తుంది, కానీ ఎటువైపు కదిలిస్తుందన్నది చెప్పలేము. 1992లో కిమ్ విట్టే ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, భయంతో పాటు "దీనికి నేను చేయగలిగినది ఒకటుంది" అన్న ధైర్యం కూడా కలిగితే మనిషి ఆ పని చేస్తాడు. ధైర్యం లేకుండా భయం మాత్రమే కలిగితే ఆ సందేశాన్నే తప్పించుకుంటాడు, పేజీ మూసివేస్తాడు.

మరొక ప్రసిద్ధమైన చర్చ సందేశపు చట్రం గురించి. ఒకే సంగతిని లాభంగా చెప్పినపుడూ నష్టంగా చెప్పినపుడూ మనుషుల నిర్ణయాలు మారతాయని 1981లో ఆమోస్ ట్వర్స్కీ, డేనియల్ కానెమన్ చూపించారు. దీనిని ఆధారం చేసుకొని, వ్యాధిని కనిపెట్టే పరీక్షలకు "చేయించుకోకపోతే ఇది పోగొట్టుకుంటారు" అన్న నష్టపు మాట ఎక్కువ పనిచేస్తుందని ఆరోగ్య ప్రచార రంగంలో చాలాకాలం బోధించారు. 2009లో డేనియల్ ఓకీఫ్, జాకబ్ జెన్సన్ 50కి పైగా అధ్యయనాలను కలిపి లెక్కించగా ఆ తేడా అత్యల్పమని తేలింది. ఆ కొద్దిపాటి తేడా కూడా రొమ్ము కాన్సర్ పరీక్షల అధ్యయనాల నుండి వచ్చినదే. ఇతర వ్యాధుల పరీక్షలలో లాభపు మాటకూ నష్టపు మాటకూ చెప్పుకోదగ్గ భేదం కనబడలేదు. పాఠ్యపుస్తకాలలో నిలిచిపోయిన ఒక సూత్రానికి ఇంత బలహీనమైన పునాది ఉండడం విశేషమే.

ప్రముఖుల ప్రభావం

అమెరికా టీవీ వార్తా వ్యాఖ్యాత కేటీ కౌరిక్ భర్త జే మొనహాన్ 1998లో పెద్దప్రేగు కాన్సర్‌తో 42వ యేట మరణించాడు. 2000 మార్చిలో ఆమె ఎన్.బి.సి. వారి 'టుడే' కార్యక్రమంలో తన కొలనోస్కోపీని లక్షలాది ప్రేక్షకులకు చూపించింది. తరువాత సుమారు 400 మంది వైద్యుల రికార్డులను పరిశీలించగా, ఒక్కొక్క వైద్యుడు నెలకు చేసే కొలనోస్కోపీల సగటు 15.0 నుండి 18.1కి పెరిగినట్లు, ఆ పెరుగుదల తొమ్మిది నెలలపాటు నిలిచినట్లు 2003లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. దీనికి 'కేటీ కౌరిక్ ప్రభావం' అన్న పేరు స్థిరపడింది. ఆమె చేసినది నమూనా దృష్టితో చూస్తే ఇబ్బంది అన్న గోడను తగ్గించడమే. పరీక్ష గదిలో ఏమి జరుగుతుందో తెలియక భయపడేవారికి అది కళ్ళారా కనబడింది.

2022 సెప్టెంబరులో నటులు రయన్ రేనాల్డ్స్, రాబ్ మెకెల్హెన్నీ ఇదే పనిని అంతర్జాలంలో హాస్యంగా చేశారు. మెకెల్హెన్నీ వెల్ష్ భాష నేర్చుకోలేడని రేనాల్డ్స్ పందెం కాశాడు. ఓడినందుకు తన కొలనోస్కోపీని చిత్రీకరించడానికి ఒప్పుకున్నాడు. ఇద్దరి వయసూ అప్పటికి 45. ఇద్దరిలోనూ పాలిప్‌లు కనబడగా వాటిని తొలగించారు. ఆ వయసు ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. అమెరికాలో పరీక్షల ఆరంభ వయసును 50 నుండి 45కు తగ్గిస్తూ అమెరికన్ కాన్సర్ సొసైటీ 2018లోను, నివారణ సేవల కార్యదళం 2021 మేలోను సిఫారసు చేశాయి. ఈ మధ్యలో, 2020 ఆగస్టులో, 'బ్లాక్ పాంథర్' నటుడు చాడ్విక్ బోస్‌మన్ 43వ యేట ఇదే వ్యాధితో మరణించడం చిన్నవయసువారిలో ఈ కాన్సర్‌పై అందరి దృష్టినీ మళ్ళించింది.

ఇంగ్లండులో డెబోరా జేమ్స్ అనే మాజీ ఉపాధ్యాయిని 'బవల్‌బేబ్' అన్న పేరుతో తన వ్యాధి గురించి సంకోచం లేకుండా వ్రాసి, మాట్లాడి, 2022 జూన్ 28న 40వ యేట మరణించింది. "మీ మలాన్ని గమనించుకోండి" అన్న మాటను ఆమె మర్యాదస్తుల సంభాషణలోకి తెచ్చింది. అయితే ఆమె వయసు ముందస్తు పరీక్షల వయసుకు చాలా తక్కువ. ఆమె చెప్పినది లక్షణాలు కనబడితే ఆలస్యం చేయవద్దని. బోస్‌మన్ ఉదంతమూ అటువంటిదే, 2018 నాటి సిఫారసు ప్రకారం కూడా అతనికి పరీక్ష వయసు రాలేదు. "లక్షణాలు ఉంటే వెంటనే డాక్టరును చూడండి" అన్నది ఒక సందేశం, "లక్షణాలు లేకపోయినా ఈ వయసుకు పరీక్ష చేయించుకోండి" అన్నది మరొక సందేశం. అంతర్జాలంలో చేతులు మారేటప్పుడు ఈ రెండూ తరచుగా కలగాపులగం అవుతాయి.

జ్ఞాపకం కూడా సందేశమే

ఆస్పత్రి పంపే వీడియో కంటే పక్కింటివారి అనుభవం బలమైనది. ఈ విషయంలో డోనాల్డ్ రెడెల్‌మైయర్, జోయెల్ కాట్జ్, కానెమన్ 2003లో ప్రచురించిన ప్రయోగం చెప్పుకోదగినది. 682 మంది కొలనోస్కోపీ రోగులలో సగం మందికి, పరీక్ష ముగిశాక గొట్టపు కొసను కదల్చకుండా మరి కొద్ది నిమిషాలు ఉంచారు. నిజానికి వీరు ఇతరుల కంటే ఎక్కువసేపు అసౌకర్యాన్ని భరించారు. కానీ చివరి నిమిషాలు తక్కువ బాధతో గడవడం వలన మొత్తం పరీక్ష అంత బాధాకరం కాదని గుర్తుంచుకున్నారు. తరువాతి సంవత్సరాలలో తిరిగి పరీక్షకు రావడం కూడా వీరిలో కొంచెం ఎక్కువగా కనబడింది.

సందేశం, సౌలభ్యం

సాన్ ఫ్రాన్సిస్కోలో వివిధ జాతులకు చెందిన 997 మందిపై జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరికి కొలనోస్కోపీ మాత్రమే సిఫారసు చేశారు, కొందరికి మలపరీక్ష మాత్రమే, మరికొందరికి రెండింటిలో ఇష్టమైనది ఎంచుకోమన్నారు. ఏడాదిలోపు పరీక్ష పూర్తిచేసినవారు వరుసగా 38, 67, 69 శాతం. ఏ చట్రమూ, ఏ కథా ఇంతటి తేడాను తేవడం అరుదు. అయితే దీనికి రెండవ అధ్యాయం ఉన్నది. మలపరీక్షను ఏటా చేయవలసి ఉండగా, మూడేళ్ళపాటు క్రమం తప్పకుండా చేసినవారు ఆ వర్గంలో 14 శాతమే మిగిలారు. మొదటిసారి ఒప్పించిన సందేశం రెండవ సంవత్సరానికి మాసిపోతుంది, అప్పుడు కావలసినది క్రమం తప్పని గుర్తుచేయింపు.

ఇంగ్లండులో 2006లో ఆరంభమైన ప్రభుత్వ కార్యక్రమం పరీక్ష సామగ్రిని తపాలా ద్వారా ఇంటికే పంపుతుంది. ఉచితమైనా, ఇంటికే వచ్చినా, పేదలు నివసించే ప్రాంతాలలో దానిని వాడి తిరిగి పంపేవారు తక్కువ. ఈ అంతరాన్ని తగ్గించడానికి నాలుగు ఉపాయాలను ప్రయోగించి ఫలితాలను 2016లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. సులభమైన భాషలో వ్రాసిన సారాంశ పత్రం, పరీక్ష చేయించుకున్నవారి స్వీయకథల పత్రం ప్రభావం చూపలేదు. ఆహ్వానంపై కుటుంబ వైద్యుని చికిత్సాలయం పేరు చేర్చడం వల్ల పరీక్షలు మొత్తంమీద స్వల్పంగా పెరిగాయి, కానీ అంతరం అలాగే ఉంది. అంతరాన్ని కొద్దిగానైనా తగ్గించినది, "ఇంకా సమయముంది" అని మళ్ళీ గుర్తుచేసిన ఉత్తరం ఒక్కటే. ఎంతో శ్రద్ధతో రూపొందించిన కథలు విఫలమై ఒక మామూలు గుర్తుచేయింపు పనిచేయడం ఆ పరిశోధకులు కోరుకున్న ఫలితం కాకపోవచ్చు.

అంతర్జాల సందేశాలకు ఇది మరింత వర్తిస్తుంది. ఆరోగ్య విషయాలు వెదికి చదివేవారు సాధారణంగా చదువుకున్నవారు, డాక్టరు అందుబాటులో ఉన్నవారు. సందేశం ఎక్కువమందికి చేరినట్లు లెక్కలు చూపినా, చేరవలసినవారికి చేరిందని దాని అర్థం కాదు.

సంఖ్యలు చెప్పే తీరు

2022 అక్టోబరులో నార్డిక్ అనే పెద్ద ప్రయోగపు ఫలితాలు వెలువడ్డాయి. పోలండు, నార్వే, స్వీడన్ దేశాలలో 84,585 మందిపై పదేళ్ళపాటు సాగిన ఈ ప్రయోగంలో కొలనోస్కోపీకి ఆహ్వానం పొందిన వర్గంలో 0.98 శాతం మందికి, పొందని వర్గంలో 1.20 శాతం మందికి పెద్దప్రేగు కాన్సర్ వచ్చింది. కాన్సర్ ముప్పు 18 శాతం తగ్గిందనీ వ్రాయవచ్చు, ఒక కాన్సర్‌ను నివారించడానికి 455 మందిని ఆహ్వానించాలనీ వ్రాయవచ్చు. మరణాలలో తేడా (0.28 శాతం, 0.31 శాతం) గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. దీనితో కొలనోస్కోపీ నిరుపయోగమన్న శీర్షికలు కూడా వెలువడ్డాయి. కానీ ఆహ్వానం పొందినవారిలో పరీక్షకు వచ్చినది 42 శాతమే. అందరూ వచ్చి ఉంటే ముప్పు సుమారు 31 శాతం తగ్గేదని పరిశోధకులు అంచనా వేశారు. ఆహ్వానపు ఫలితాన్ని పరీక్ష ఫలితంగా చదవడం ఒక పొరపాటు, అంచనాను ఋజువుగా చదవడం మరొక పొరపాటు. ప్రచారకర్తలు ఒకటి, విమర్శకులు మరొకటి చేసే ప్రమాదముంది.

పరీక్షకు హాని కూడా లేకపోలేదు. కొలనోస్కోపీలో అరుదుగా రక్తస్రావం, మరింత అరుదుగా ప్రేగుకు రంధ్రం పడడం జరుగుతాయి. మలపరీక్షలో రక్తం కనబడి, తరువాత ఏమీ లేదని తేలేవరకు అనవసరమైన ఆందోళన కలుగుతుంది. కౌరిక్ కార్యక్రమం వంటివి ఈ వివరాలకు చోటివ్వడం కష్టం.

ఒప్పించడం, తెలియజెప్పడం

లాభనష్టాలు రెండూ దాచకుండా చెబితే జనం పరీక్ష మానేస్తారా? ఈ ప్రశ్నకు రెండు ప్రయోగాలు రెండు సమాధానాలిచ్చాయి. ఆస్ట్రేలియాలో తక్కువ చదువుకున్న 55-64 ఏళ్ళవారికి సులభమైన పుస్తకం, వీడియో ఇచ్చి 2010లో ఫలితాలు ప్రచురించారు. విషయం తెలిసి నిర్ణయం తీసుకున్నవారు 12 శాతం నుండి 34 శాతానికి పెరిగారు. కానీ మలపరీక్ష పూర్తిచేసినవారు, మామూలు కరపత్రం పొందిన వర్గంలో 75 శాతం ఉండగా, వీరిలో 59 శాతమే. మరుసటి ఏడాది ప్రచురించిన జర్మనీ ప్రయోగంలో పూర్తి వివరాల పత్రం పొందినవారిలో తెలిసి నిర్ణయించుకున్నవారు 44.0 శాతం, మామూలు కరపత్రం పొందినవారిలో 12.8 శాతం. ఇక్కడ మాత్రం పరీక్ష చేయించుకున్నవారు, చేయించుకోదలచినవారు రెండు వర్గాలలోనూ దాదాపు సమానం, 72.4, 72.9 శాతం.

ఈ రెండింటిలో ఏది విజయం అన్నది, సందేశం ఎందుకు వ్రాస్తున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. పరీక్షల సంఖ్యే కొలబద్ద అయితే ఆస్ట్రేలియా పుస్తకం విఫలమైనట్లే. తన శరీరం గురించి మనిషి తెలిసి నిర్ణయించుకోవడం కొలబద్ద అయితే అది ఫలించినట్లే. ప్రాణాలు కాపాడే పరీక్షకు రానివ్వకపోవడమూ, సగం చెప్పి రప్పించడమూ రెండూ తేలికగా తీసుకోదగినవి కావు. రెండు కరపత్రాల పక్షాన కూడా నిజాయితీపరులైన వైద్యులున్నారు.

భారతదేశంలోను, తెలుగువారిలోను

భారతదేశంలో ఈ కాన్సర్ పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. 2016లో భారత ప్రభుత్వం విడుదల చేసిన కాన్సర్ ముందస్తు పరీక్షల మార్గదర్శకాలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లకు పరిమితమయ్యాయి. పెద్దప్రేగు కాన్సర్ వాటిలో లేదు. వ్యాధి అరుదైనచోట అదే పరీక్షతో కలిగే లాభం తగ్గుతుంది, హాని మాత్రం తగ్గదు. కాబట్టి అమెరికాలో 45 ఏళ్ళు దాటిన తెలుగువారికి అక్కడి వైద్యులు చెప్పే మాట, వాట్సాప్‌లో గుంటూరుకో వరంగల్లుకో చేరినపుడు అక్షరాలా వర్తించదు.

ఇక్కడ వర్తించేది రెండవ సందేశం. మలంలో రక్తం కనబడితే మొలలని తమకు తామే నిర్ణయించుకొని, సిగ్గుతో ఎవరికీ చెప్పక, నాటుమందుతో నెట్టుకురావడం తెలుగునాట అపరిచితం కాదు. చాలాసార్లు అవి మొలలే అయి ఉంటాయి. అయినప్పటికీ మలంలో రక్తం, వారాల తరబడి మారిన మలవిసర్జన అలవాటు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం ఉన్నవారు ఏ వయసువారైనా వైద్యుని సంప్రదించాలి. ఇది స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. లక్షణాలున్నవారు ఇంట్లో చేసుకున్న మలపరీక్షలో ఏమీ తేలలేదని ఊరుకోకూడదు. ఇంటివద్ద చేసుకునే ముందస్తు మలపరీక్షలను లక్షణాలు లేనివారి కోసమే ఉద్దేశించారు.